పరదేశం వెళ్ళే పంతులుగారి మందుల పెట్టె

విదేశంలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం ఖాయమైందనగానే మన ఇళ్ళలో మొట్టమొదట జరిగే పని ఏమిటో చెప్పనా? ఆవకాయ జాడీ మూత తియ్యడం! ఆ తరవాత కందిపొడి, కరివేపాకు పొడి, చింతపండు, సున్నుండలు, అప్పడాలు. అమ్మ ఒక పక్క, అమ్మమ్మ ఒక పక్క, పిన్ని ఒక పక్క చేరి పెట్టె నింపేస్తారు. తీరా తూకం వేసి చూస్తే విమానం వాళ్ళు ఒప్పుకునే బరువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. అప్పుడు ఏం తీసేస్తారు? పచ్చడి సీసా మాత్రం తియ్యరు. మందుల సంచీ తీసేస్తారు. "అక్కడ దొరకవా ఏమిటి? డబ్బు పారేస్తే అన్నీ దొరుకుతాయి" అంటారు.

దొరక్కపోవచ్చు. దొరికినా మీకు తెలిసిన పేరుతో దొరకవు. డాక్టరు చీటీ లేనిదే ఇవ్వరు. మన ఊళ్ళో మందుల షాపుకు వెళ్ళి, "కడుపునొప్పికి నాలుగు బిళ్ళలివ్వవయ్యా" అంటే కాగితంలో కట్టి ఇచ్చే సౌకర్యం చాలా దేశాల్లో లేదు.

ఎం.ఏ., బి.ఎడ్. చదివిన మన పిల్లలు మాల్దీవులకు, ఇథియోపియాకు, గల్ఫ్ దేశాలకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్ళడం కొత్తేమీ కాదు. ప్రయాణానికి వారం రోజుల ముందు నా దగ్గరకు వచ్చి, "డాక్టరుగారూ, ఏమైనా మందులు రాసిస్తారా, పట్టుకెళతాను" అని అడిగేవారిని ఏటా చూస్తున్నాను. వారం చాలదు. కొన్ని పనులకు మూడు నెలలు పడుతుంది, కొన్నిటికి ఇంకా ఎక్కువ. అందుకే ఈ వారం ఆ విషయమంతా ఒక వరసలో చెబుతాను. ఇంట్లో ఎవరైనా వెళ్ళేవారుంటే ఈ పేజీ చించి దాచుకోండి.

ముందు దేశపటం చూడండి

ఏ మందులు సర్దుకోవాలన్నది ఏ దేశం వెళుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. అన్ని దేశాలకూ ఒకే పెట్టె పనికిరాదు.

మాల్దీవులు హిందూ మహాసముద్రంలో ఉత్తర దక్షిణాలుగా 800 కిలోమీటర్లకు పైగా పరుచుకున్న దేశం. దాదాపు 1,200 దీవులున్నా జనం నివసించేవి 200 లోపే. బడుల్లో చదువు ఇంగ్లీషులోనే సాగుతుంది కనుక మన టీచర్లకు అక్కడ గిరాకీ ఉంది. రాజధాని మాలెలో భారతదేశం సాయంతో కట్టిన ఇందిరాగాంధీ స్మారక ఆస్పత్రి 1995 నుంచి పనిచేస్తోంది. కాని మీకు ఉద్యోగం మాలెలోనే వేస్తారని లేదు. ఎక్కడో చిన్న దీవిలో వెయ్యి మంది జనం మధ్య వేయవచ్చు. అక్కడా ఆరోగ్య కేంద్రం ఉంటుంది. జ్వరానికీ, గాయానికీ లోటు లేదు. కాని అపెండిసైటిస్‌కు ఆపరేషను కావాలన్నా, గుండెనొప్పికి పెద్ద వైద్యం కావాలన్నా పడవ ఎక్కాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున ఆ పడవ కదలడమే కష్టం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తక్కినదంతా మీకే అర్థమవుతుంది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. మాల్దీవుల్లో మలేరియా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఆ మేరకు ధృవపత్రం ఇచ్చింది. అలాగని దోమ లేదనుకోకండి. డెంగీ ఉంది.

ఇథియోపియా సంగతి వేరు. రాజధాని అడిస్ అబాబా సముద్రమట్టానికి సుమారు 2,300 మీటర్ల ఎత్తున ఉంది. మొదటి కొద్దిరోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. రక్తహీనత ఉన్నవారికి మరీను. అంత ఎత్తులో దోమల వల్ల మలేరియా రాదు గాని, 2,000 మీటర్ల కంటే పల్లంలో ఉన్న ఊళ్ళలో వస్తుంది. అందుచేత ఉద్యోగపు ఉత్తర్వులో ఉన్న ఊరి పేరు చూసి, ఆ ఊరు ఎంత ఎత్తున ఉందో కనుక్కోండి.

గల్ఫ్ దేశాల్లో ఆస్పత్రులకూ డాక్టర్లకూ కొదవ లేదు. అక్కడి ఇబ్బంది మీరు తీసుకువెళ్ళని మందుల వల్ల కాదు, తీసుకువెళ్ళిన మందుల వల్ల వస్తుంది. ఆ మాట తరవాత చెబుతాను.

టీకాలు: పెద్దవాళ్ళకు ఎందుకంటారా?

టీకాలు చంటిపిల్లలకే అనుకునేవారు చాలామంది. టీచరు రోజూ ముప్ఫై నలభై మంది పిల్లల మధ్య ఉంటాడు. పిల్లలకొచ్చే ఆటలమ్మ, తట్టు, గవదబిళ్ళలు ఆయనకూ అంటుకుంటాయి. ఆటలమ్మ పిల్లల్లో వారం రోజుల్లో తగ్గిపోతుంది. ముప్ఫై ఏళ్ళవాడికి వస్తే ఊపిరితిత్తులకు పాకి ప్రాణం మీదికి తేవచ్చు. చిన్నప్పుడు రాలేదని తెలిస్తే ఆటలమ్మ టీకా రెండు మోతాదులు, కనీసం నాలుగు వారాల ఎడంతో వేయించుకోండి. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా మరొకటి. గర్భిణికి రుబెల్లా వస్తే కడుపులో బిడ్డకు చెవుడు, గుండెజబ్బు, కంటి శుక్లాలు రావచ్చు. కాబట్టి పెళ్ళైన, పెళ్ళి కావలసిన ఆడపిల్లలు దీన్ని తప్పక వేయించుకోవాలి. అయితే గర్భవతిగా ఉన్నప్పుడు ఈ రెండు టీకాలూ వేయకూడదు. వేయించుకున్నాక ఒక నెల వరకు గర్భం రాకుండా చూసుకోవాలి.

హెపటైటిస్-బి టీకా మూడు మోతాదులు: మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన రోజునే మొదటిది వేయించుకోవడం తెలివైన పని. ఉద్యోగం రాకపోయినా టీకా వృథా పోదు. టైఫాయిడ్ టీకా ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. ధనుర్వాతం, డిఫ్తీరియా కలిపిన టీకా వేయించుకుని పదేళ్ళు దాటితే మళ్ళీ ఒకటి.

ఇక పచ్చజ్వరం, అంటే ఎల్లో ఫీవర్. ఇథియోపియా, కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి దేశాలకు వెళ్ళేవారికి ఇది ముఖ్యం. అక్కడికి వెళ్ళడానికే కాదు, తిరిగి రావడానికి కూడా. ఆ దేశాల నుంచి సర్టిఫికెట్టు లేకుండా మనదేశంలో దిగితే ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు. సెలవులకు వచ్చి చెల్లెలి పెళ్ళి చూద్దామనుకున్నవాడు ఆ ఆరు రోజులూ గది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవాలి. ఈ టీకా అన్ని ఆస్పత్రుల్లోనూ వేయరు. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య కార్యాలయం వంటి గుర్తింపు పొందిన చోట్లే వేస్తారు. ఏయే రోజుల్లో వేస్తారో ముందు విచారించి వెళ్ళండి. వేసిన పది రోజుల తరవాతే సర్టిఫికెట్టు చెల్లుతుంది. ఒకప్పుడు పదేళ్ళకోసారి మళ్ళీ వేయించుకోవలసి వచ్చేది. 2016 జూలై నుంచి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. గర్భిణులకు, కోడిగుడ్డు తీవ్రంగా పడనివారికి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారికి ఇది సాధారణంగా వేయరు. అరవై దాటినవారు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. ఈ టీకాకూ, పైన చెప్పిన తట్టు టీకాకూ నాలుగు వారాల ఎడం ఉండడం మేలు. అందుకే నేను మూడు నెలలు అంటున్నది.

ఇథియోపియాలో ఎండాకాలపు నెలల్లో మెదడుపొరల వాపు వ్యాధి ప్రబలే ప్రాంతాలున్నాయి. దానికీ టీకా ఉంది. పిల్లల మధ్య పనిచేసేవారు వేయించుకోవడం మంచిది.

రోజూ వేసుకునే మందులు దాచకండి, ఆపకండి

రక్తపోటు, మధుమేహం, థైరాయిడ్, ఉబ్బసం, మూర్ఛ - వీటిలో ఏదో ఒకటి ఉండి, మాత్రలు వాడుతూ, హాయిగా ఉద్యోగం చేసుకునేవారు ఎందరో ఉన్నారు. విదేశం అనేసరికి వారిని ఒక భయం పట్టుకుంటుంది. జబ్బు సంగతి తెలిస్తే ఉద్యోగం పోతుందేమోనని. ఆ భయంతో మాత్రలు మానేస్తారు.

మా ఆస్పత్రికి వచ్చే ఒక అమ్మాయి మూర్ఛకు మందు వాడుతూ నాలుగేళ్ళుగా ఒక్కసారి కూడా ఫిట్సు రాకుండా ఉంది. మాల్దీవుల్లో ఉద్యోగం వచ్చింది. విమానాశ్రయంలో ఆ మాత్రలు చూస్తే వెనక్కి పంపేస్తారని ఎవరో చెప్పారు. తల్లి భయపడింది. పెళ్ళి కావలసిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలాగని కూడా భయపడింది. ప్రయాణానికి పది రోజుల ముందు మాత్రలు ఆపేశారు. రెండు రోజులుందనగా ఇంట్లోనే వరసగా మూడుసార్లు ఫిట్సు వచ్చి, ఆస్పత్రికి తెచ్చారు. అదృష్టం ఏమిటంటే అది ఇంట్లో వచ్చింది, పడవలో రాలేదు. మళ్ళీ మాత్రలు మొదలుపెట్టి, కుదుటపడ్డాక, జబ్బు పేరూ మందు పేరూ రాసి ఉత్తరం ఇచ్చాను. మూడు వారాలు ఆలస్యంగా వెళ్ళి చేరింది. ఇప్పుడు అక్కడ పాఠాలు చెబుతోంది, మాత్రలూ వేసుకుంటోంది. మూర్ఛమందును హఠాత్తుగా ఆపడం కంటే ప్రమాదం మరొకటి లేదు.

కాబట్టి ఇలా చేయండి. మీరు వాడే ప్రతి మందుకూ కనీసం మూడు నెలలకు సరిపడా నిల్వ తీసుకోండి. ఆ దేశంలో అంత తేవచ్చునో లేదో ముందే తెలుసుకోండి. మీ డాక్టరు చేత ఒక ఉత్తరం రాయించుకోండి. అందులో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. జబ్బు పేరు, మందు అసలు పేరు, మోతాదు, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఇంగ్లీషులో టైపు చేసి, సంతకం, ముద్ర ఉండాలి. మనదేశంలో కంపెనీవాడు పెట్టిన పేరు అక్కడి డాక్టరుకు తెలియదు. అసలు పేరు ఎక్కడైనా ఒకటే. మాత్రలు వాటి అట్టల్లోనే ఉండాలి. కత్తిరించి స్టీలు డబ్బాలో పోసి తీసుకెళితే అవి ఏమిటో మీరు తప్ప ఎవరూ చెప్పలేరు. సగం మందులు చేతిసంచీలో, సగం పెద్ద పెట్టెలో పెట్టండి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది.

ఇన్సులిన్ మాత్రం పూర్తిగా చేతిసంచీలోనే. విమానం అడుగున సామాను ఉంచే చోట చలికి అది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఐసు పెట్టే గదిలో కాదు. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటని చోట సుమారు నాలుగు వారాలు ఉంటుంది. కరెంటు పోతే మన పాత ఉపాయమే: నీళ్ళు పోసిన మట్టికుండలో చిన్న డబ్బా నిలబెట్టి, అందులో సీసా ఉంచండి. చక్కెర పరీక్షించే యంత్రానికి సరిపోయే పట్టీలు మరో ఊళ్ళో దొరక్కపోవచ్చు. అవి కూడా మూడు నెలలకు తీసుకోండి. మాల్దీవుల గడియారం మనకంటే అరగంట వెనక, ఇథియోపియా గడియారం రెండున్నర గంటల వెనక. మందుల వేళలు సర్దుకోవడం కష్టమేమీ కాదు.

పెట్టెలో పెట్టకూడనివి

ఇది జాగ్రత్తగా చదవండి. మన దగ్గర దగ్గుకు తాగే కొన్ని సిరపుల్లో కొడీన్ ఉంటుంది. అది నల్లమందు జాతికి చెందినది. నొప్పులకు వాడే ట్రమడాల్, నిద్రకూ ఆందోళనకూ వాడే అల్ప్రజోలామ్, క్లోనజెపామ్, డయజెపామ్ - వీటిమీద గల్ఫ్ దేశాల్లోనూ, మాల్దీవుల్లోనూ గట్టి ఆంక్షలున్నాయి. మీకు అవి నిజంగా అవసరమైతే ఆ దేశపు ఆరోగ్యశాఖ అనుమతి ముందుగా సంపాదించాలి. ఎమిరేట్సుకు ఇలా ముందస్తు అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది. పక్కింటివాళ్ళు "మా అబ్బాయికి ఇవ్వండి" అని ఇచ్చే మందుల పొట్లం ఎంత దగ్గరివారైనా తీసుకోకండి. సంచీ మీది, సమాధానం చెప్పవలసిందీ మీరే.

వంటింటి వస్తువు ఒకటి ఉంది. గసగసాలు! మన మసాలా పొడిలో వేస్తాం, కుర్మాలో వేస్తాం. ఎమిరేట్సు, సౌదీ అరేబియా, సింగపూరు దేశాల్లో గసగసాలు నిషిద్ధం. అవి నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. అత్తగారు ప్రేమతో కొట్టి ఇచ్చిన మసాలా పొడిలో అవి ఉన్నాయేమో అడిగి తెలుసుకోండి. మాల్దీవులకు మద్యం, పంది మాంసం తీసుకుపోకూడదు. పూజకు విగ్రహాలు తీసుకుపోవడం కూడా అక్కడ నిషిద్ధమే. ఇది వైద్యం మాట కాదు గాని, పెట్టె సర్దేవారు తెలుసుకోవాలి కనుక చెప్పాను.

షాపువాడు కలిపి ఇచ్చే నాలుగు రంగుల బిళ్ళల పొట్లాలు వద్దు. అందులో ఏముందో మీకు తెలియదు. నిమెసులైడ్ వంటి కొన్ని మందులు చాలా దేశాల్లో అమ్మరు. పాదరసం, సీసం కలిసిన భస్మాలు కూడా మానండి.

చిన్న మందుల డబ్బా

ఒక టిఫిను డబ్బా అంత డబ్బా చాలు. ఇవి ఉంచండి:

పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు 30. జ్వరానికి, తలనొప్పికి. పెద్దవారికి ఒకటి లేదా రెండు, ఆరు గంటల ఎడంతో. రోజుకు ఆరు మించకూడదు.

ఓ.ఆర్.ఎస్. పొట్లాలు 10 లేదా 15. విరేచనాలకు, ఎండదెబ్బకు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. సగం పొట్లం, గ్లాసు నీళ్ళు అని అంచనాగా కలిపితే మేలుకు బదులు కీడు జరుగుతుంది. కలిపింది 24 గంటల్లో వాడేయాలి.

సెటిరిజిన్ మాత్రలు 10. దద్దుర్లకు, జలుబుకు. మత్తు వస్తుంది కనుక రాత్రిపూట మంచిది.

పడవ ప్రయాణంలో వాంతులు కాకుండా మెక్లిజిన్ మాత్రలు 10. పడవ ఎక్కడానికి గంట ముందు వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తుంది.

తామరకు క్లోట్రిమజోల్ ఆయింట్‌మెంటు. ఉక్కపోతలో గజ్జల్లో తామర తప్పదు. స్టెరాయిడ్ కలిసిన మూడు నాలుగు మందుల మిశ్రమ క్రీములు కొనకండి. వారంలో దురద పోయినట్టే పోయి, ఒళ్ళంతా పాకుతుంది.

గాయాలకు పోవిడోన్ అయొడిన్, దూది, గాజుగుడ్డ, అంటుకునే పట్టీలు. మాల్దీవుల సముద్రంలో దిగితే పగడపు రాయి గీసుకుంటుంది. చిన్న గీతే కదా అనుకోకండి. మంచినీళ్ళతో, సబ్బుతో బాగా కడిగి, లోపల రాతి ముక్కలు లేకుండా చూడండి. లేకపోతే చీముపడుతుంది.

బ్యాటరీతో పనిచేసే థర్మామీటరు. పాదరసం ఉన్నది వద్దు, విమానంలో పగిలితే ప్రమాదం. రక్తపోటు ఉన్నవారు చేతికి చుట్టుకునే యంత్రం కూడా ఉంచుకోండి. కత్తెరను చేతిసంచీలో కాక పెద్ద పెట్టెలో పెట్టండి.

దోమలు దూరంగా ఉండడానికి ఒంటికి రాసుకునే మందు, ఒక దోమతెర. ఆడవారికి రెండు మూడు నెలలకు సరిపడా నెలసరి సామగ్రి. చిన్న దీవుల్లో మీకు అలవాటైన రకం దొరక్కపోవచ్చు.

యాంటీబయాటిక్ మందులు నేను ఈ జాబితాలో చేర్చలేదు. మీ డాక్టరు మీకోసం రాసి, ఎప్పుడు వాడాలో చెబితే సరే. లేకపోతే వద్దు. మలేరియా ఉన్న ఊరికి వెళ్ళేవారు ముందు జాగ్రత్త మందు గురించి డాక్టరును అడగాలి. వాటిలో మెఫ్లోక్విన్ అనే మందు మూర్ఛ ఉన్నవారికీ, మానసిక వ్యాధి ఉన్నవారికీ పనికిరాదు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు పనికిరాదు. కాబట్టి స్నేహితుడు వాడినదే నేనూ వాడతానంటే కుదరదు.

డెంగీ సంగతి

డెంగీ దోమ పగలు కుడుతుంది. బడిలో బల్ల కింద కాళ్ళను కుడుతుంది. పొడుగు చేతుల చొక్కా, పాదాలు కప్పే బట్టలు మేలు. తీవ్రమైన జ్వరం, కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా విరిచినట్టు నొప్పులు వస్తే పారాసిటమాల్ తప్ప మరేదీ వేసుకోకండి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు రక్తస్రావాన్ని పెంచుతాయి. జ్వరం తగ్గింది కదా అని మూడో రోజునో, అయిదో రోజునో బడికి పరుగెత్తకండి. అసలు ప్రమాదం జ్వరం దిగేటప్పుడే. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి నెత్తురు, మగత, కాళ్ళూ చేతులూ చల్లబడడం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి. పడవ కావాలంటే పగలుండగానే అడగండి. రాత్రి వరకు ఆగి చూద్దామనకండి.

గొంతు, కళ్ళు, పళ్ళు

టీచరుకు గొంతే పనిముట్టు. కొత్త దేశంలో, కొత్త యాసలో, పిల్లలకు అర్థం కావడం లేదని మన టీచర్లు గొంతు పెంచుతారు. నెల తిరిగేసరికి బొంగురుపోతుంది. అరవకండి, నెమ్మదిగా చెప్పండి. బల్ల మీద నీళ్ళ సీసా పెట్టుకుని గంటకోసారి తాగండి. గొంతు పోయినప్పుడు గుసగుసలాడితే విశ్రాంతి అనుకుంటారు. అదీ శ్రమే. అసలు మాట్లాడకపోవడమే మందు. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే గొంతు డాక్టరుకు చూపించాలి.

కళ్ళజోడు ఉన్నవారు రెండో జత, దాంతోపాటు నంబరు రాసిన చీటీ తీసుకోండి. పిప్పిపన్ను ఉంటే ఇక్కడే పని పూర్తి చేయించుకోండి. దీవిలో అర్ధరాత్రి పన్నునొప్పి వస్తే ఆ నొప్పిని మరిపించేది ఏదీ లేదు. రోజంతా నిలబడే ఉద్యోగం కనుక చెప్పులు మెత్తగా, వెనక పట్టీ ఉన్నవి రెండు జతలు ఉంచుకోండి.

తిండి

దీవుల్లో చేపలకు లోటు లేదు. కూరగాయలు చాలావరకు బయటి నుంచి రావాలి కనుక ధర ఎక్కువ. అందుచేత మనవాళ్ళు రెండు పూటలా అన్నమూ ఆవకాయతో సరిపెట్టుకుంటారు. ఆరు నెలలకు రక్తపోటు పెరుగుతుంది, రక్తం తగ్గుతుంది. పచ్చడి ఒక సీసా తగ్గించి, ఆ బరువుకు కందిపప్పు, పెసలు, సెనగలు పెట్టండి. పెసలు మొలకెత్తిస్తే అదే కూర. ఏ పప్పులు, గింజలు అనుమతిస్తారో ఆ దేశపు కస్టమ్సు నిబంధనలు చూసుకోండి. శాకాహారులు బి-12 సంగతి డాక్టరును అడగండి. చేపలు తినేవారు ఎండలో నిలవున్న ట్యూనా చేప కొనకండి. దానివల్ల ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. ఎంత ఉడికించినా ఆ విషం పోదు.

అడిస్ అబాబా వంటి ఎత్తైన చోట నీళ్ళు 92 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పప్పు ఉడకదు. చిన్న ప్రెషర్ కుక్కరు తీసుకువెళ్ళండి. తాగే నీళ్ళు మాత్రం అక్కడ కూడా తెర్ల కాగితే సూక్ష్మక్రిములు చస్తాయి.

మనసు మాట

పెట్టెలో పెట్టడానికి వీల్లేనిది ఒకటుంది. మొదటి రెండు మూడు నెలలు సాయంత్రం బడి వదిలాక గది గోడలు మీదికి వచ్చినట్టుంటుంది. ఇది సహజం, బలహీనత కాదు. వేళకు నిద్ర, రోజూ అరగంట నడక, తోటి టీచర్లతో ఒక పూట భోజనం - ఇవే మందులు. కాని రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టరుతో చెప్పాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. తల్లిదండ్రులకు ఒక మనవి: ఫోను చేసినప్పుడు "జీతం పడిందా?" అని మొదలుపెట్టకండి. "ఏం తిన్నావు, నిద్ర పడుతోందా?" అని అడగండి. జవాబు వినండి. "తిరిగొచ్చేస్తాను" అంటే "నలుగురూ ఏమనుకుంటారు?" అనకండి.

కాగితాలు

ఒక ప్లాస్టిక్ సంచీలో ఇవి పెట్టుకోండి: టీకాల పుస్తకం, డాక్టరు ఉత్తరం, రక్తవర్గం కాగితం, పడని మందుల పేర్లు. నలభై దాటినవారు పాత ఇ.సి.జి. నకలు కూడా. ఇదివరకు క్షయకు మందులు వాడినవారు చికిత్స పూర్తయిన సర్టిఫికెట్టు, పాత ఎక్స్‌రే తప్పక ఉంచుకోవాలి. నయమైనా ఊపిరితిత్తి మీద మచ్చ మిగులుతుంది. వైద్యపరీక్షలో దాన్ని చూసి ఆపేయవచ్చు. గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉద్యోగం మానేసి, అప్పు చేసి టిక్కెట్టు కొనకముందే ఈ సంగతి తేల్చుకోండి. ఉద్యోగ ఒప్పందంలో వైద్య బీమా ఉందో లేదో, దీవి నుంచి పెద్దాస్పత్రికి తీసుకువెళ్ళే ఖర్చు ఎవరు భరిస్తారో అడిగి రాయించుకోండి. బీమా కాగితంలో పాత జబ్బు దాచకండి. దాస్తే అవసరమైన రోజున డబ్బు రాదు.

చివరగా, పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి. దానిమీద మీ రక్తవర్గం, వాడే మందులు, పడని మందు, ఇంటి ఫోను నంబరు ఇంగ్లీషులో రాయండి. మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్న రోజున మీ తరఫున అదే మాట్లాడుతుంది. దరఖాస్తు పెట్టిన వారంలోనే మీ దగ్గరి ప్రభుత్వాస్పత్రికి వెళ్ళి, వెళ్ళే దేశం పేరు చెప్పి, టీకాల సంగతి అడగండి. మీ ప్రయాణం క్షేమంగా జరగాలని, మీ పాఠం వినే పిల్లలు ప్రయోజకులు కావాలని కోరుకుంటున్నాను.